మరిగించినా చావనిది

తలుపు తోయగానే వాసన కొడుతుంది. పులిసిన వాసన, కాస్త తీపి, కాస్త ఘాటు. బీరు పులియబెట్టే తొట్లలోంచి తెచ్చిన ఈస్ట్ అది. లండన్ నగరం, చెల్సీ పేట, థేమ్స్ నది ఒడ్డున లిస్టర్ ఇన్‌స్టిట్యూట్. సంవత్సరం 1905. మీరు ఎవరి కంటికీ కనబడరు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. గోడవారగా నిలబడి చూడండి. గాజుసామాను మాత్రం తగలకండి.

బల్ల దగ్గర ఇద్దరున్నారు. నలభై ఏళ్ల ఆర్థర్ హార్డెన్, అతనికంటే పదమూడేళ్లు చిన్నవాడు విలియం యంగ్. ఇద్దరిదీ మాంచెస్టరే. కడిగి నీళ్లు పిండేసిన ఈస్ట్‌లో సన్నటి ఇసుకా, తేలికపాటి తెల్లమట్టీ కలిపి నూరుతున్నారు. మొదట్లో అది పొడిపొడిగా ఉంటుంది. నూరగా నూరగా ఈస్ట్ కణాలు పగిలి, లోపలి రసం బయటికొచ్చి, చుక్క నీళ్లు పోయకుండానే ముద్ద అవుతుంది. ఆ ముద్దను గుడ్డలో చుట్టి హైడ్రాలిక్ ప్రెస్సులో పెట్టి నొక్కితే పసుపు, గోధుమ రంగుల మధ్య ఉండే రసం కారుతుంది. అందులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. అయినా చక్కెర వేసి వెచ్చగా ఉంచితే బుడగలు పొంగుతాయి, సారాయి తయారవుతుంది.

ఈ విద్య వీళ్లు కనిపెట్టింది కాదు. 1897లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఎడ్వర్డ్ బుఖ్నర్ చూపించాడు. ప్రాణం లేనిదే పులియడం లేదన్న పాశ్చర్ మాట అక్కడితో ఆగిపోయింది. పులియబెట్టేది కణం కాదు, కణంలో ఉండే ఎంజైమ్. బాగానే ఉంది. కానీ హార్డెన్‌కు ఒక చిక్కొచ్చి పడింది. ఈ రసం ఎక్కువసేపు పనిచేయదు. ప్రోటీన్లను అరిగించే మరో ఎంజైమ్ అందులోనే ఉంది. అది పులియబెట్టే ఎంజైమ్‌ను తినేస్తుంది. దానికి తినడానికి వేరే ఏదైనా పడేస్తే అసలుది కొంతకాలం బతుకుతుంది కదా అని ఆయన ఆలోచన. ఏం పడేయాలి? పాత ఈస్ట్ రసాన్నే మరిగించి వడకట్టి పోశాడు. మరిగించాక అందులో పనిచేసే ఎంజైమ్ ఏదీ మిగలదు, కాబట్టి అది వట్టి మేత.

ఇప్పుడు గాజుగొట్టాల వైపు చూడండి. 25 డిగ్రీల నీళ్లతొట్టిలో ఫ్లాస్కులు మునిగి ఉన్నాయి. వాటిలోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు పాదరసం మీదుగా గీతలున్న గొట్టంలోకి చేరుతోంది. ఎంత వాయువు వస్తే అంత చక్కెర పులిసినట్టు లెక్క. మరిగించిన రసం పోసిన ఫ్లాస్కు గొట్టాన్నీ, అది పోయనిదాని గొట్టాన్నీ పక్కపక్కన చూడండి. మొదటిది రెండోదాన్ని దాటిపోతుంది. ఆగదు. కాపాడుతుందేమో అని పోసిన మేత పనినే పెంచింది. చచ్చిందనుకున్న రసంలో చావనిదేదో ఉంది.

అదేమిటో తెలుసుకోవడానికి ఎంచుకున్న పనిముట్టు వాళ్ల సొంత డైరెక్టరుది. చార్లెస్ మార్టిన్ తయారుచేసిన వడపోత అది. పింగాణీ గొట్టం రంధ్రాల్లో జిలాటిన్ నింపుతారు. ఆ సందుల్లోంచి పెద్ద అణువులు దూరలేవు, చిన్నవి దూరతాయి. మామూలుగా పోస్తే దిగదు కనక గాలితో అదుముతారు, సుమారు 50 వాతావరణాల ఒత్తిడి. ఆ పీడనంలో ఏదైనా పగిలితే అన్న భయం మనకుంటుంది గానీ వాళ్లకు అలవాటే. గంటలకొద్దీ సాగే పని. కింద చేరేది తేరిన ద్రవం. పైన మిగిలేది గోధుమరంగు జిగట ముద్ద.

ముద్దను నీళ్లలో కలిపి చక్కెర వేశారు. పాదరసం కదల్లేదు. కిందికి దిగిన ద్రవంలో చక్కెర వేశారు. అక్కడా అంతే. రెండూ చచ్చాయి. ఇప్పుడు రెండింటినీ ఒకే ఫ్లాస్కులో పోశారు. చూస్తున్నారుగా, బుడగలు.

అక్కడితో వదల్లేదు. తేట ద్రవాన్ని మరిగించి పోసినా బుడగలొచ్చాయి. ముద్దను మరిగించి పోస్తే రాలేదు. అంటే ఒకటి పెద్దది, వేడికి చచ్చేది. రెండోది చిన్నది, వేడికి చావనిది. ఒకదాన్ని విడిచి ఇంకొకటి పనిచేయదు. ఆ చిన్నదాన్ని మొదట కోఫర్మెంట్ అన్నారు, తరవాత ఎంజైమ్‌కు తోడు అనే అర్థంలో కోఎంజైమ్ అన్నారు. 1906లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నా దృష్టిలో జీవరసాయనశాస్త్రంలో ఇంత పొదుపైన ప్రయోగం మరొకటి లేదు. ఖరీదైన యంత్రం లేదు, కష్టమైన లెక్క లేదు. వేరుచేయడం, మరిగించడం, మళ్లీ కలపడం. అంతే.

నిజానికి ఆ తేట ద్రవంలో ఉన్నది ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. ఫాస్ఫేటు ఉంది, మెగ్నీషియం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో వేరుచేసిన, కణానికి శక్తినిచ్చే ఏటీపీ కూడా అందులో ఉంది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. ఆ సంగతి మరోసారి. మనం ఒకదాన్నే వెంబడిద్దాం. స్టాక్‌హోమ్‌లో హాన్స్ ఫాన్ ఆయిలర్ ఏళ్ల తరబడి శుద్ధిచేసినది, ఇవాళ పుస్తకాల్లో ఎన్‌ఏడీ అని ఉండేది. ఆయిలర్‌కూ హార్డెన్‌కూ కలిపి 1929లో నోబెల్ ఇచ్చారు.

అది పనిచేసే చోటు చూడటానికి ఈస్ట్ దాకా పోనక్కర్లేదు. బస్సు కదిలిపోతోంది, మీరు పరిగెత్తుతున్నారు. మీ తొడ కండరంలోకి దిగండి.

లోపల ఖాళీ లేదు. నీళ్లలో తేలుతూ ప్రోటీన్లు ఒకదానికొకటి రాసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. అన్నీ వణుకుతూ, గుద్దుకుంటూ, పక్కకు జరుగుతూ ఉంటాయి. ఏదీ ఒక్క లిప్తపాటు నిలకడగా ఉండదు. గ్లూకోజు అణువొకటి ఇప్పటికే రెండుగా చీలి మీ ముందుకొచ్చింది. మూడు కార్బన్ల ముక్క అది, ఒక కొసన ఫాస్ఫేటు తగిలించి ఉంది. ఎదురుగా ఉన్న ఎంజైమ్ దీంతో పోలిస్తే కొండ. దాని అణుభారం సుమారు 1,44,000. నాలుగు తునకలు కూడి ఒకటిగా ఉన్నది. ప్రతి తునకలో ఒక గాడి ఉంది. ఆ గాడిలో అప్పటికే ఒక ఎన్‌ఏడీ పడుకుని ఉంది. దాని భారం 663. చెల్సీ జిలాటిన్ సందుల్లోంచి ఇది ఎందుకు జారిందో, ఎంజైమ్ ఎందుకు పైనే ఉండిపోయిందో ఇక్కడ చూస్తే తెలిసిపోతుంది.

ఎన్‌ఏడీని దగ్గరగా చూడండి. రెండు తలలున్న అణువు. ఒక తల అడినిన్, డీఎన్‌ఏలో ఉండేదే. అది పట్టుకోవడానికి పిడి. ఎంజైమ్ గాడిలో అదే ఇరుక్కుంటుంది. రెండో తల నికోటినమైడ్, ఆరు మూలల చిన్న వలయం, ఒక మూల నత్రజని, దాని మీద ధనావేశం. రెండు తలల మధ్య రెండు చక్కెరలు, రెండు ఫాస్ఫేట్లు. పని జరిగేదంతా ఆ చిన్న వలయం దగ్గరే.

మూడు కార్బన్ల ముక్క గాడిలోకి జారి ఎంజైమ్‌లోని ఒక గంధకపు పరమాణువుకు అతుక్కుంటుంది. అతుక్కున్న కార్బన్ మీద ఒక హైడ్రోజన్ ఉంది. అది తన రెండు ఎలక్ట్రాన్లతో సహా గెంతి నికోటినమైడ్ వలయం మీద పడుతుంది. నత్రజని మీది ధనావేశం చల్లారుతుంది. ఆ ఒక్క గెంతుతో విడుదలైన శక్తి వృథా పోదు. ఆ ముక్కకు రెండో ఫాస్ఫేటు తగులుకుంటుంది. ఆ తరవాతి మెట్టులో ఏటీపీ తయారయ్యేది ఆ ఫాస్ఫేటుతోనే. హైడ్రోజన్ ఎక్కించుకున్న ఎన్‌ఏడీ గాడిలోంచి దిగిపోతుంది. దాని చోటులోకి ఇంకో ఖాళీ ఎన్‌ఏడీ వస్తుంది. మీరు కళ్లార్పేలోపు ఇది ఎన్నోసార్లు జరిగిపోతుంది.

సరే, నిండిపోయిన ఎన్‌ఏడీ ఎక్కడికి పోవాలి? మన దగ్గర ఇంటికి స్లాబు పోసే రోజు చూసే ఉంటారు. మిల్లరు తిరుగుతూ ఉంటుంది. మాలు ఉంటుంది, కూలీలు ఉంటారు. తట్టలు చేతులు మారుతూ నిండుగా పైకి పోతాయి, ఖాళీగా కిందికి వస్తాయి. పైన తట్టలు కుమ్మరించకపోతే కింద మాలు గుట్టగా ఉన్నా పని ఆగినట్టే. మేస్త్రీ అరిచేది మాలు కోసం కాదు, తట్టల కోసం. ఎన్‌ఏడీ ఆ తట్ట. అది ఇంధనమూ కాదు, సరుకూ కాదు. కణంలో ఉండేది చాలా కొద్దిపాటి. ఉన్నవన్నీ నిండిపోతే క్షణాల్లో చక్కెర విరగడం ఆగిపోతుంది, చుట్టూ చక్కెర ఎంత ఉన్నా సరే.

మామూలుగా అయితే కుమ్మరించే చోటు మైటోకాండ్రియా. నిండిన ఎన్‌ఏడీ తన ఎలక్ట్రాన్లను అక్కడి గోడలో ఉన్న ఎంజైముల వరసకు అందిస్తుంది. కొసన ప్రాణవాయువు వాటిని అందుకుని నీరవుతుంది. మీరు ఇప్పుడు రొప్పుతున్నది దానికోసమే. కానీ బస్సు వెంట పరుగులో ఆ దారి చాలదు. అప్పుడు కండరం దగ్గరి దారి పడుతుంది. హైడ్రోజన్‌ను పైరువేట్ మీద దించేసి లాక్టేట్ చేసి, తట్ట ఖాళీ చేసుకుంటుంది. లాక్టేట్ వల్ల ఆ క్షణానికి కణానికి దక్కే లాభమల్లా ఖాళీ ఎన్‌ఏడీయే. ఈస్ట్ చేసేది కూడా ఇదే, కాకపోతే అది పైరువేట్‌లోంచి ఒక కార్బన్ ఊడబెరికి, మిగిలినదాని మీద హైడ్రోజన్ దించుతుంది. ఊడిన కార్బనే చెల్సీలో పాదరసాన్ని కదిపిన వాయువు. మిగిలినది సారాయి. మనుషులు ఇన్ని వేల ఏళ్లుగా తాగుతున్న మందు, ఈస్ట్ తన తట్టలు ఖాళీ చేసుకున్న చోట మిగిలిన చెత్త!

తాగినవాడి కాలేయంలో ఈ లెక్క తిరగబడుతుంది. సారాయిని విరగ్గొట్టాలంటే మళ్లీ ఖాళీ ఎన్‌ఏడీలే కావాలి. అవన్నీ ఆ పనికే పోయి నిండిపోతాయి. పైరువేట్ లాక్టేట్ అయిపోతుంది, కొత్త గ్లూకోజు తయారీ నిలిచిపోతుంది, కొవ్వు కరగడం మానేసి పేరుకుంటుంది. ఏమీ తినకుండా తాగినవాడికి తెల్లారేసరికి రక్తంలో చక్కెర పడిపోయేది ఇందుకే.

బస్సు దొరికింది. కూర్చున్నారు, ఊపిరి కుదుటపడింది. పైరువేట్ ఇప్పుడు తీరిగ్గా మైటోకాండ్రియాలోకి పోతుంది. ఆ గుమ్మం దగ్గర ఒక పెద్ద ఎంజైమ్ గుంపు కాపలా ఉంటుంది. అక్కడ ఒక్క అడుగు వేయడానికి ఐదు కోఎంజైములు కావాలి. బీ1 విటమిన్‌తో తయారైనది కార్బన్‌ను ఊడదీస్తుంది. లైపోయిక్ ఆమ్లం మిగిలిన ముక్కను అందుకుని అటు తిప్పుతుంది. బీ5తో తయారైన కోఎంజైమ్ ఏ దాన్ని పట్టుకుపోతుంది. బీ2తో తయారైనది మిగిలిన హైడ్రోజన్‌ను తీసుకుని ఎన్‌ఏడీ చేతిలో పెడుతుంది. ఇందులో బీ1 ఒక్కటి లేకపోయినా గుమ్మం మూసుకుంటుంది. ముందు నరాలకూ గుండెకూ తెలుస్తుంది. దాని పేరు బెరిబెరి. మర బియ్యం తిన్న మన సర్కారు జిల్లాలు దాన్ని బాగా ఎరుగును. తవుడుతోపాటే బీ1 పోయేది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం పేరే బెరిబెరి ఎంక్వయిరీ. ఆ విభాగాన్ని గుర్తుపెట్టుకోండి, మనకు అది హైదరాబాదులో తగులుతుంది.

ఎన్‌ఏడీలో పనిచేసే ఆ చిన్న వలయం, నికోటినమైడ్, ఎక్కడినుంచి వస్తుంది? దీనికి జవాబు చెల్సీలో అదే సంస్థలో, హార్డెన్ బల్లకు కాస్త దూరంలోనే, చాలా ముందుగానే సీసాలోకి వచ్చి కూర్చుంది. 1911, 1912 సంవత్సరాల్లో కాజిమిర్ ఫంక్ అనే పోలండ్ యువకుడు అక్కడ తవుడుతో కుస్తీపడుతున్నాడు. పాలిష్ బియ్యం మేపితే పావురాల మెడలు వెనక్కి వాలి కాళ్లు చచ్చుబడతాయి. తవుడు పెడితే లేచి నిలబడతాయి. తవుడులో ఆ మందేమిటో తీయాలని ఫంక్ పట్టుదల. విటమిన్ అన్న పేరు ఆయన పెట్టిందే, 1912లో. తీస్తూ తీస్తూ స్ఫటికాలుగా ఒక పదార్థాన్ని రాబట్టాడు. చూస్తే అది నికోటినిక్ ఆమ్లం, మన ఒళ్లు నికోటినమైడ్ చేసుకునే బీ3. పొగాకులోని నికోటిన్‌ను ఆమ్లాలతో కాల్చి రసాయనవేత్తలు 19వ శతాబ్దంలోనే చేసినది. పావురాలకు పెట్టాడు. మెడలు లేవలేదు. ఆయన వెతుకుతున్నది బీ1 కదా, బీ3 పెడితే ఎందుకు లేస్తాయి? పక్కన పెట్టేశాడు.

ఒకే సంస్థలో ఒకరి దగ్గర తాళం ఉంది, మరొకరి దగ్గర తాళంచెవి ముక్క ఉంది. ఒకరు పులియడం చూస్తున్నారు, ఇంకొకరు పావురాల జబ్బు చూస్తున్నారు. ఆ రెండూ ఒకే వ్యవహారమని అనుకోవడానికి అప్పటికి ఆధారం లేదు, నిజమే. అయినా అవి కలవడానికి పట్టిన పాతికేళ్లు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఈ ముక్క అందక జనం చచ్చిపోతున్నారు.

వాళ్ల రోగం పెల్లాగ్రా. స్పెయిన్‌లో గాస్పర్ కాసాల్ 1735లోనే రాసిపెట్టాడు. మొక్కజొన్న తప్ప మరొకటి దొరకని రైతుకూలీల జబ్బు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది. మెడ చుట్టూ పట్టెడ పెట్టుకున్నట్టు చార పడుతుంది, దానికి కాసాల్ పేరే పెట్టారు. తరవాత నాలుక ఎర్రగా పుండవుతుంది. విరేచనాలు. ఆపైన మతి చలించడం. అమెరికాలో 20వ శతాబ్దపు మొదటి నాలుగు దశాబ్దాల్లో సుమారు 30 లక్షల మందికి సోకిందనీ, లక్షమంది పోయారనీ అంచనా. అంటురోగమని వైద్యులు గట్టిగా నమ్మారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు కాదన్నాడు. 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో పదకొండు మంది ఖైదీలకు, విడుదల చేస్తామన్న మాట మీద, ఎక్కువగా మొక్కజొన్నా పిండిపదార్థాలే పెట్టాడు. ఆరుగురికి జబ్బు వచ్చింది. అయినా నమ్మనివాళ్లు నమ్మలేదు. మరుసటి ఏడు ఆయనా, తోటి వైద్యులూ రోగుల రక్తం ఎక్కించుకున్నారు, వాళ్ల పొక్కుల పెచ్చులనూ మలాన్నీ పిండిలో కలిపి మాత్రలు చేసి మింగారు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఒక్కరికీ రాలేదు.

గోల్డ్‌బర్గర్‌కు మందేమిటో తెలియదు గానీ మందు దేనిలో ఉందో తెలిసింది. బీరు ఈస్ట్‌లో. 1927లో మిసిసిపీ నది పొంగి ఊళ్లు మునిగినప్పుడు రెడ్‌క్రాస్ వాళ్లు ఈస్ట్ పంచారు. చెల్సీ రోలులో నూరిన పదార్థమే. గోల్డ్‌బర్గర్ 1929లో పోయాడు, హార్డెన్‌కు నోబెల్ వచ్చిన సంవత్సరమే.

రెండు కొసలూ కలిసింది బెర్లిన్‌లో. 1930ల మధ్యలో ఓటో వార్‌బర్గ్, వాల్టర్ క్రిస్టియన్ గుర్రాల రక్తకణాల్లోంచి ఎన్‌ఏడీకి తోబుట్టువు లాంటి కోఎంజైమ్‌ను తీసి విరగ్గొట్టి చూస్తే లోపల నికోటినమైడ్ కనబడింది. హైడ్రోజన్ ఎక్కేదీ దిగేదీ దాని మీదనే అని 1936కల్లా తేలింది. ఆ వార్త చదివినవాళ్లలో విస్కాన్సిన్‌లోని కాన్రాడ్ ఎల్వేజెమ్ బృందం ఒకటి. వాళ్ల దగ్గర నల్లనాలుక జబ్బుతో కుక్కలున్నాయి. మనిషికి పెల్లాగ్రా ఎలాగో కుక్కకు అది అలాగ. 1937లో అలాంటి ఒక కుక్కకు 30 మిల్లీగ్రాముల నికోటినిక్ ఆమ్లం పెట్టారు, ఒకే ఒక్కసారి. కదలకుండా పడి ఉన్న కుక్క లేచి తిండి అడిగింది. ఏడాది తిరక్కముందే మనుషులకూ ఇచ్చి చూశారు. మతి చలించి మంచాలకు కట్టేసినవాళ్లు రోజుల్లో తెప్పరిల్లారు.

వార్‌బర్గ్ మనకు ఇంకొకటి కూడా మిగిల్చాడు. దాన్ని చూడటానికి ఇవాళ్టి హైదరాబాదులో ఏ డయాగ్నస్టిక్ సెంటరుకు పోయినా చాలు. ఖాళీ ఎన్‌ఏడీ 340 నానోమీటర్ల కాంతిని పట్టించుకోదు, నిండినది మింగుతుంది. మీ కాలేయం ఎలా ఉందో చూడమని డాక్టరు ఎస్‌జీపీటీ రాశారనుకోండి. మీ రక్తం సీరమ్‌ను బుల్లి గాజుగిన్నెలో పోసి, 37 డిగ్రీల దగ్గర, నిండిన ఎన్‌ఏడీలు ముందే వేసి పెడతారు. దెబ్బతిన్న కాలేయ కణాల్లోంచి కారిన ఎంజైమ్ అందులో ఉంటే పైరువేట్ తయారవుతుంది. పైరువేట్ వచ్చిన కొద్దీ అది లాక్టేట్‌గా మారుతుంది, ఎన్‌ఏడీలు ఖాళీ అవుతూ ఉంటాయి. కాంతి మింగడం తగ్గుతుంది, తెర మీద గీత వాలుతుంది. ఎంత నిటారుగా వాలితే మీ రిపోర్టులో అంకె అంత పెద్దది. పరుగులో మీ తొడలో జరిగినదే గిన్నెలో జరుగుతోంది. మన కంటికి ఆనని గెంతును అంకెగా మార్చి కాగితం మీద అచ్చు కొడుతున్నారు.

అదే నగరంలో వెనక్కి వెళ్దాం. 1958లో కూనూరు నుంచి బెరిబెరి ఎంక్వయిరీ వారసత్వపు పరిశోధన సంస్థ హైదరాబాదులో తార్నాకకు తరలివచ్చింది. తరవాత, 1969లో, జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకున్నది అదే. బియ్యం జబ్బు కోసం పుట్టిన సంస్థ, దిగింది జొన్న నేలలో.

ఆసుపత్రి వార్డులో మంచం పక్కన నిలబడండి. రోగి పొలం పనులు చేసేవాడు. రెండు చేతులూ ముంజేతుల దాకా నల్లబడి, గరుకుగా, తొడుగులు వేసినట్టున్నాయి. కాళ్లూ అంతే, చెప్పుల పట్టీల కింద మాత్రం మామూలు రంగు. మెడ మీద కాసాల్ చార. నోరు తెరవమంటే బాధగా తెరుస్తాడు, నాలుక మీద గరుకు పోయి ఎర్రగా, నున్నగా ఉంది. ఏం తింటావంటే రొట్టె అంటాడు. పొద్దున గటక, రాత్రి రొట్టె. రెండూ జొన్నవే. కారమో, పచ్చిపులుసో నంజుకుంటాడు. పప్పు ఎప్పుడో పండక్కి.

అప్పటి పుస్తకాల ప్రకారం ఇతనికి పెల్లాగ్రా రాకూడదు. మొక్కజొన్న సంగతి వేరు. దానిలో నియాసిన్, అంటే నికోటినిక్ ఆమ్లం, ఉన్నా ఒంటికి అందని రూపంలో బిగుసుకుని ఉంటుంది. మెక్సికోవాళ్లు సున్నపు నీళ్లలో ఉడికించి ఆ బిగువు సడలిస్తారు, అందుకే వాళ్లకు ఆ జబ్బు లేదు. మొక్కజొన్నను ఐరోపాకు పట్టుకుపోయినవాళ్లు గింజను తీసుకెళ్లారు గానీ సున్నాన్ని తీసుకెళ్లలేదు. దానికి తోడు మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఆ అమైనో ఆమ్లంతో మన ఒళ్లు సొంతంగా నియాసిన్ తయారుచేసుకోగలదు, 60 మిల్లీగ్రాములు పెడితే ఒక మిల్లీగ్రాము చొప్పున. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మరి లోటు ఎక్కడ?

తార్నాక సంస్థలోని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య లోటు వెతకడం మానేసి, ఏది ఎక్కువో చూశారు. జొన్న ప్రోటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉంది. మొక్కజొన్నలోనూ అంతే. లూసిన్ ఎక్కువైతే ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్, నియాసిన్ నుంచి ఎన్‌ఏడీ తయారయ్యే దారి దెబ్బతింటుందని వాళ్ల వాదన. 1960లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. లూసిన్ కలిపిన తిండితో కుక్కలకు నల్లనాలుక వచ్చింది. ఐసోలూసిన్ ఇస్తే రోగులు తేరుకున్నారని తరవాతి ఏళ్లలో అదే సంస్థ చూపించింది. బయటి ప్రయోగశాలలన్నీ ఒప్పుకోలేదు. కొన్నిచోట్ల ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. నియాసిన్ దారిలో అవసరమయ్యే బీ6, బీ2 లోపాల పాత్ర మీద వాదనలు నడిచాయి. లూసిన్ ఒక్కటే దోషి అని ఇవాళ ఎవరూ గట్టిగా అనరు. నాకు మాత్రం ఆ వాదనలో గెలుపోటముల కంటే అడిగిన ప్రశ్న ఘనంగా తోస్తుంది. గింజలో ఎంత ఉందన్నది కాదు, ఆ గింజ తిన్నాక ఒంట్లో ఎంత తయారవుతుందన్నది అసలు లెక్క అని తార్నాకలో అడిగారు. అది విటమిన్ల పట్టిక చూసి అడిగే ప్రశ్న కాదు. జొన్నరొట్టె తిన్న మనిషిని చూసి అడిగిన ప్రశ్న.

వాదన తెగకముందే పళ్లెం మారిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. జొన్న చేలు తగ్గాయి, గటక ముసలివాళ్ల జ్ఞాపకాల్లోకి జారింది. జొన్న పెల్లాగ్రా కొత్త డాక్టర్లకు బొమ్మల్లో మాత్రమే తెలుసు. ఇప్పుడు మళ్లీ షుగరున్నవాళ్లు జొన్నరొట్టె కొనుక్కుంటున్నారు. భయపడక్కర్లేదు. పక్కన కందిపప్పు, గుప్పెడు పల్లీలు, వారానికోసారి మాంసమో చేపలో ఉంటే చాలు. జబ్బు తెచ్చింది జొన్న కాదు, జొన్న తప్ప మరేమీ లేకపోవడం.

అయితే పెల్లాగ్రా పూర్తిగా పోలేదు. ఇప్పుడు అది వేరే ఇళ్లలో కనబడుతుంది. అన్నం మానేసి మందు మీదే బతికేవాళ్లలో ఒకటి. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో మరొకటి. ఆ మందు బీ6ను కట్టిపడేస్తుంది, బీ6 లేకపోతే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారదు. టీబీ మందులతోపాటు పైరిడాక్సిన్ బిళ్ల, అంటే బీ6, ఇస్తారు చూడండి, ముఖ్యంగా అరికాళ్ల తిమ్మిర్లు రాకుండా ఇచ్చేదే అయినా, ఈ పక్కనా అదే కాపలా. పెల్లాగ్రా అని గుర్తుపడితే వైద్యం తేలిక: రోజుకు 300 మిల్లీగ్రాముల నికోటినమైడ్, విడతలుగా, మూడు నాలుగు వారాలు, తోడుగా మిగిలిన బీ విటమిన్లు. రెండు మూడు రోజుల్లో నాలుక మంట తగ్గుతుంది, విరేచనాలు ఆగుతాయి, మాట కుదురుకుంటుంది. పెచ్చులు రాలి కొత్త చర్మం రావడానికి మాత్రం వారాలు పడుతుంది. అందాకా ఎండలో పనికి పోవద్దని చెప్పి పంపుతారు.